పార్రాస్‌లో కత్తిరింపుల కాలం

పాయింట్ కుక్,
మెల్‌బోర్న్,
14 జనవరి 2025

జనార్దనరావు గారికి,

'నాన్నా' అని రాసి రెండుసార్లు చెరిపేశాను. మీరు చేసిన పనికి ఆ మాట రావడం లేదు.

నిన్న సాయంత్రం ఇండియన్ షాపులో కోటేశ్వరరావు అంకుల్ కనిపించారు. మీ సీనియర్స్ గ్రూపుకి ఆయనే పెద్ద కదా. కరివేపాకు కట్ట చేతిలో పట్టుకుని నవ్వుతూ, "ఏమ్మా నీలిమా, మీ నాన్నగారు సిడ్నీలోనే సెటిలైపోయారా? హెలెన్స్‌బర్గ్ గుళ్ళో దర్శనం అవగానే బ్యాగు తీసుకుని టాక్సీ ఎక్కేశారు. బస్సులో ఆయన సీటు ఖాళీగానే తెచ్చాం" అన్నారు. "అవునంకుల్, అక్కడ ఫ్రెండ్స్ ఉన్నారు" అన్నాను. నలభై రెండేళ్ళ వయసులో, ట్రాలీలో బియ్యం సంచీ పెట్టుకుని, మీ కోసం అబద్ధం ఆడాను.

కార్‌పార్క్‌లోంచి ఫోన్ చేస్తే మీరేమన్నారు? "మెక్సికోల ఉన్న బిడ్డా. పార్రాస్ అని చిన్న ఊరు. ద్రాక్షతోటలుంటయ్, వైన్ జేస్తరు." పక్క వీధిలోకి పాలకు వెళ్ళినంత మామూలుగా చెప్పారు. నేను అరిచాను. మీరు పెట్టేశారు.

రిషికీ సాయిప్రియకూ ఇంకా సెలవులే. ఇరవై తొమ్మిదిన స్కూలు తెరుస్తారు. బాలమురళి వారానికి మూడు రోజులు సిటీ ఆఫీసుకి వెళ్ళాలి. నా ఉద్యోగం సంగతి మీకు తెలుసు. పొద్దున వాళ్ళనెవరు దించుతారు, మూడున్నరకి ఎవరు తెస్తారు? ఇవేవీ ఆలోచించకుండా డెబ్బై ఏళ్ళ మనిషి దొంగలా దేశం దాటిపోతాడా? బాలమురళి ఆఫీసు క్యాలెండరు తెరిచి నా ముందు పెట్టి వెళ్ళిపోతున్నాడు. తిట్టినా బాగుండేది.

వాట్సాప్‌లో మిమ్మల్ని బ్లాక్ చేశాను. పిల్లల ముందు మళ్ళీ అరవలేను. రాయాలనుకుంటే ఈమెయిల్ రాయండి. వేరే కబుర్లేమీ వద్దు. తిరిగి వచ్చే తేదీ రాయండి చాలు.

నీలిమ

*

పార్రాస్,
19 జనవరి

అమ్మా నీలిమా,

పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి నన్ను 'మీరు' అన్నావు. అలవాటు లేక ఎవరికో వచ్చిన ఉత్తరం అనుకున్నాను.

తేదీ అడిగావు. తేదీ లేదు. ఇక్కడ టూరిస్టుగా ఆరు నెలలు ఉండనిస్తారు. జూలై వరకూ ఉంటాను.

గుడికని చెప్పి వచ్చాను, నిజమే. గుడికి వెళ్ళాను కూడా. ముక్కోటి రోజున ఉత్తర ద్వారం గుండా దర్శనం చేసుకునే బయటపడ్డాను. నవంబరులో ఒకరోజు సీనియర్స్ పిక్నిక్ అని పొద్దుననగా వెళ్ళి చీకటి పడ్డాక వచ్చాను. ఆ రోజు మెక్సికో వీసా కోసం కాన్‌బెరా వెళ్ళాను. పిక్నిక్ ఎలా జరిగిందని మీ ఇంట్లో ఒక్కరూ అడగలేదు కాబట్టి రెండో అబద్ధం ఆడే అవసరం రాలేదు.

ఎందుకొచ్చానో నువ్వు అడగలేదు. అయినా చెబుతాను. మన వీధి చివరి ఇంట్లో హెక్టర్ అనే అతను ఉంటాడు కదా, వాళ్ళమ్మ పేరు ఒఫేలియా. మూడేళ్ళు ఆవిడా నేనూ ఒకే పార్కులో ఒకే బెంచీ మీద కూర్చున్నాం. నేను సాయిప్రియను ఉయ్యాల ఊపేవాణ్ణి, ఆవిడ తన మనవణ్ణి. ఆవిడ ఇంగ్లీషు సగం, నా ఇంగ్లీషు సగం, కలిపితే ఒక సంభాషణ అయ్యేది. మొన్న ఆగస్టులో ఆవిడ సొంత ఊరు వచ్చేసింది. భర్త పోయినప్పటి నుంచి బీడుపడ్డ రెండెకరాల ద్రాక్షతోట ఉంది. ఎనిమిదేళ్ళు కత్తెర పడలేదు. ఫొటోలు పంపి, ఎక్కడ కొయ్యాలో చెప్పమంది. ఫొటో చూసి చెప్పే పని కాదది.

మేడ్చల్ దగ్గర ఇరవై రెండేళ్ళు అనాబెషాహి ద్రాక్ష పండించినవాణ్ణి నేను. మెల్‌బోర్న్‌లో ఆరేళ్ళున్నాను. ద్రాక్ష గురించి నన్నొక మాట అడిగిన మనిషి ఆవిడొక్కతే.

సాల్టియో నుంచి బస్సులో రెండున్నర గంటలు ఎడారిలో వచ్చి, ఒక్కసారిగా పచ్చటి చెట్లలోకి దిగాను. రాతిగుట్ట మీద చిన్న చర్చి, వీధుల పక్కన కాలవలు, పాలతో, గింజలతో చేసిన కోవాలమ్మే దుకాణాలు. నాలుగొందల ఏళ్ళ నుంచి ఇక్కడ వైన్ చేస్తున్నారట. పొద్దున చలికి వేళ్ళు కొంకర్లు పోతాయి. కాలవ నీళ్ళు తోటలకు వంతులవారీగా వదులుతారు. వంతు దగ్గర పోట్లాడుకుంటారు. అది చూసి నాకు ప్రాణం లేచొచ్చింది.

స్కూలు సంగతి. డిసెంబరు మూడో తేదీన, నువ్వు వంటింటి బల్ల దగ్గర కూర్చుని ఉండగా, "జనవరి సంది నేను స్కూలుకు పోను బిడ్డా, వేరే ఏర్పాటు జేస్కోన్రి" అన్నాను. "ఓకే నాన్నా, ఓకే" అన్నావు. ఇప్పుడు దొంగనంటున్నావు.

జనార్దనరావు

*

పాయింట్ కుక్,
27 జనవరి

నాన్నా,

ఈరోజు ఆస్ట్రేలియా డే సెలవు. వీధంతా బార్బెక్యూ పొగ. నేను లోపల కూర్చుని ఇది రాస్తున్నాను.

డిసెంబరు మూడు నాకు బాగా గుర్తుంది. నా చెవుల్లో హెడ్‌సెట్ ఉంది. సింగపూర్ టీముతో కాల్‌లో ఉన్నాను. ఆ 'ఓకే' వాళ్ళకి. 'నాన్నా' అని ఎందుకన్నానో తెలియదు, నువ్వెదురుగా నిలబడ్డావు కాబట్టి అని ఉంటాను. ఒక మాట తలకెక్కిందో లేదో చూసుకోకుండా దాన్ని సాక్ష్యంలా దాచుకుని, నెల తర్వాత విమానమెక్కుతావా? మళ్ళీ అడిగితే నీ పెద్దరికానికి తక్కువా?

ఇక ఆ మెక్సికన్ ఆవిడ. నిన్న హెక్టర్ వాళ్ళింటికి వెళ్ళాను, మర్యాదగా మాట్లాడదామనే. అతను గుమ్మంలోనే "యువర్ డాడ్ స్టోల్ మై మమ్" అన్నాడు. మార్చిలో వాళ్ళకి రెండో బిడ్డ పుడుతుందట. తల్లి ఫిబ్రవరిలో తిరిగి రావాల్సింది. "మిస్టర్ రావు వచ్చాడు, తోట బాగవుతోంది, నేను రాను" అని చెప్పిందట. అంటే ఆవిడ సాయం అడగడం కాదు, నువ్వు వెళ్ళి అక్కడ ఆపావు. పక్కింటివాళ్ళు కిటికీలోంచి చూస్తుండగా నేనూ అతనూ వీధిలో కేకలేసుకున్నాం. ఇన్నాళ్ళలో ఈ వీధిలో మన గొంతు ఎవరూ విని ఉండరు.

అతని ఫేస్‌బుక్‌లో నీ ఫొటో చూశాను. నీ చేతిలో గ్లాసుంది, ఎర్రగా. ఆవిడ పక్కన నిలబడి పళ్ళన్నీ కనబడేలా నవ్వుతున్నావు. నువ్వు నవ్వగా చూసి ఎన్నేళ్ళయిందో లెక్కపెట్టుకుని మరీ మండిపోయాను. అమ్మ పోయి మూడేళ్ళు కాలేదు. ఏకాదశికి మంచినీళ్ళు కూడా తాగని మనిషివి నువ్వు. ఆవిడ ఎవరు నీకు?

జవాబు చెప్పు.

నీలిమ

*

పార్రాస్,
2 ఫిబ్రవరి

నీలిమకు,

గ్లాసులో ఉన్నది వైనే. ద్రాక్షరసమని బొంకను. ఇరవై రెండేళ్ళు ద్రాక్ష పండించి, అది చివరికి ఏమవుతుందో నాలుక మీద వేసుకుని చూడకుండా చచ్చిపోవడం నాకు అవమానంగా తోచింది. రెండు గుక్కలు తాగాను. పులుపు, వగరు. నాకేం నచ్చలేదు. ఒఫేలియా తమ్ముడు రమీరో చెప్పిన ఏదో మాటకు నవ్వాను, వైనుకి కాదు.

ఆవిడ నీకు ఎవరు అన్నావు. ఆ ప్రశ్నకు జవాబు చెప్పను. నా వయసు డెబ్బై. చదువుకునే వయసులో నిన్ను నేను అలా అడిగి ఉంటే నువ్వు ఇంట్లోంచి లేచిపోయేదానివి. ఆవిడకు పేరుంది, 'ఆ మెక్సికన్ ఆవిడ' కాదు. నేనుంటున్నది బేకరీ వెనక అద్దె గదిలో. ఇది నీకు సంజాయిషీ కాదు. కోటేశ్వరరావుకు నువ్వు చెప్పుకోవడానికి పనికొస్తుందని రాశాను.

హెక్టర్ బాధ నాకు తెలుసు, నీ బాధా తెలుసు. ఒక వీధిలో రెండిళ్ళలోంచి ఒకేసారి పనివాళ్ళు మానేశారు. అంతే కదా జరిగింది.

ఇక్కడ పనులు మొదలయ్యాయి. తీగలు ఒకదాన్నొకటి అల్లుకుని తాళ్ళకట్టలా ఉన్నాయి. పొద్దున మంచు కరిగాక మొదలుపెట్టి, ఒక్కో మొదలు దగ్గర కూర్చుని, ఏది బతికుందో గీరి చూసి, చిగురు వచ్చే కళ్ళు రెండేసి వదిలి మిగతాది తీసేస్తున్నాను. మొదటి వారం రమీరో నమ్మలేదు. "అంతా కోసేస్తే ఏం మిగులుతుంది?" అని చేతులు తిప్పుతూ అరిచాడు. ఇప్పుడు చుట్టుపక్కల నలుగురు రైతులు వచ్చి చూస్తున్నారు. నన్ను 'దోన్ హనార్' అంటున్నారు. దోన్ అంటే గారు. ఇక్కడ జ పలకరు, హ అంటారు. సరిచెయ్యలేదు. ఆరేళ్ళుగా పిల్లలు పిలిచే 'థాథా' తప్ప ఇంకో పేరు లేదు నాకు.

జనార్దనరావు

*

పాయింట్ కుక్,
14 ఫిబ్రవరి

నాన్నా,

పనివాళ్ళు.

నిన్నూ అమ్మనూ ఇక్కడికి తెచ్చుకోవడానికి నేను నింపిన కాగితాలు, బాలమురళి వాళ్ళ అమ్మానాన్నల్ని వెనక్కి పెట్టి మిమ్మల్ని ముందు పెట్టినందుకు నేను పడ్డ మాటలు, అన్నీ పనివాణ్ణి పెట్టుకోవడానికేనా? అమ్మ ఆస్పత్రిలో ఉన్న నాలుగు నెలలు నేనెక్కడ పడుకున్నానో నీకు తెలియదా?

సరే, పనివాడు మానేస్తే ఏం జరిగిందో విను. ఫిబ్రవరి ఆరు, గురువారం. బాలమురళి నేను తెస్తాననుకున్నాడు, నేను అతను తెస్తాడనుకున్నాను. ఆఫ్టర్ స్కూల్ కేర్‌లో ఇంకా చోటు రాలేదు. సాయిప్రియ గేటు దగ్గర నిలబడింది. లోపలికి రమ్మని టీచరు ఎంత పిలిచినా రాలేదట. "థాథా విల్ కమ్. హీ ఈజ్ నెవర్ లేట్" అందట. నాలుగూ నలభైకి నేను చేరేసరికి ఎండకు మొహం కందిపోయి ఉంది. కారెక్కాక సీటు తడిపేసింది. ఆరేళ్ళ పిల్ల. ఇది నీ మీద రాసి పెట్టాను. నేను పోయేదాకా నీ మీదే ఉంటుంది.

ఇంకోటి. ఇమిగ్రేషన్ వాళ్ళ నుంచి ఉత్తరం వచ్చింది. నీది బ్రిడ్జింగ్ వీసా, పర్మనెంట్ వీసా వచ్చేదాకా ఇచ్చేది. ముందుగా అనుమతి తీసుకోకుండా దేశం దాటితే అది అక్కడితో ఆగిపోతుంది. తిరిగి రావడానికి నీ చేతిలో ఇప్పుడు ఏదీ లేదు. ఆరేళ్ళు క్యూలో నిలబడింది ఇందుకు. నన్నొక్క మాట అడిగి ఉంటే ఆ అనుమతి నేనే తీసిచ్చేదాన్ని. తెలియక చేశావని లాయరుతో చెప్పించి ఏదైనా చేయించగలనేమో చూస్తాను. నీ మీద ప్రేమతో కాదు. నా పేరు మీద స్పాన్సర్‌షిప్ ఉంది కాబట్టి.

బాలమురళి చిన్నాన్న కొడుకు దీక్షిత్ ఊరికి అటు చివరున్న క్రాన్‌బర్న్ నుంచి వచ్చాడు, ఇటువైపు ఉద్యోగం వచ్చింది. నీ గది ఇచ్చాం. నీ సామాను గరాజ్‌లో పెట్టించాను.

నీలిమ

*

పార్రాస్,
18 ఫిబ్రవరి

నీలిమా,

సాయిప్రియ సంగతి చదివి ఆ పూట తోటకు వెళ్ళలేదు. దానికి నేను వెళుతున్నానని చెప్పాల్సింది. చెబితే మీకు చెప్పేస్తుందని చెప్పలేదు. ఆ తప్పు నాది, నువ్వు రాసిపెట్టక ముందే నేను రాసుకున్నాను. దాని పేరు పెట్టి ఒక ఉత్తరం జత చేస్తున్నాను. చదివి వినిపించే మనసుంటే వినిపించు.

మిగతాదానికి లాయరును వెతకొద్దు. తెలియక చేశాడని చెప్పించొద్దు. వెళ్ళేముందు అనుమతి కాగితం తీసుకోవాలని నాకు తెలుసు. ఆ ఫారం ప్రింట్ తీసుకున్నాను, నా డెస్కు సొరుగులో ఉండేది. గరాజ్‌లో వెతికితే దొరుకుతుంది. నింపలేదు. నింపితే తిరిగి వస్తానన్నట్టు. నేను తెలిసే వచ్చాను.

ఎందుకో చెప్పమంటావా? నవంబరు పదహారు, శనివారం. నేనొచ్చిన రెండో ఏడు వెనక కంచె దగ్గర ఒక ద్రాక్ష తీగ పెట్టాను. నాలుగేళ్ళు పెంచాను. ఆ ఏడే మొదటిసారి గుత్తులు వేసింది, పదకొండు. పొద్దున పిల్లల్ని ఈతకు తీసుకుపోయి వచ్చేసరికి తీగ లేదు. మొదలంటా కోసి గ్రీన్ బిన్‌లో కుక్కారు. అక్కడ చెక్కల డెక్ వేయిస్తున్నారు. బాలమురళి నన్ను చూసి, "మామయ్యగారూ, డెక్ అయితే బార్బెక్యూ పెట్టుకోవచ్చు. ఇంకోటి కుండీలో పెట్టుకోండి" అన్నాడు. అతను పరాయివాడు, పోనీ. నువ్వు కాఫీ కప్పు పట్టుకుని కిటికీలో నిలబడి ఉన్నావు. నన్ను చూశావు. పక్కకు తిరిగావు.

మేడ్చల్ తోట కొట్టేసిన రోజు నీకు కాలేజీ ఉందని నువ్వు రాలేదు. ఈసారి ఇంట్లోనే ఉన్నావు. నీ మూలంగా నా తోట రెండోసారి పోయింది.

జనార్దనరావు

*

పాయింట్ కుక్,
23 ఫిబ్రవరి

నాన్నా,

నీ ఉత్తరం సాయిప్రియకు చదివాను. "ఓకే" అంది. నీలాగే దానికీ మాటలు తక్కువ.

డెక్ వేసేవాళ్ళు ఒకరోజు ముందే వచ్చారు. నీతో ఆ రాత్రి చెబుదామనుకున్నాం. నేను పక్కకు తిరిగింది నీకేం చెప్పాలో తెలియక. అది నా తప్పు. ఒప్పుకుంటాను. కానీ రెండోసారి అన్నావే, ఆ మొదటిసారి మాట ఒప్పుకోను.

మేడ్చల్ తోట నా మూలంగా పోయిందా? ఎవరు చెప్పారు నీకు? "మీ నాయినకు తోట మీద మనసు విరిగిందే, రెక్కలు పోతున్నయ్ అంటుండు, అమ్మేస్తడట. నువ్వు మధ్యల మాట్లాడకు, బాధపడ్తడు" అని అమ్మ నాకు చెప్పింది. వంటింట్లో, బియ్యం చెరుగుతూ. నాకు ఇరవై మూడేళ్ళు. అందుకే మాట్లాడలేదు. తోట కొట్టేసే రోజు రాలేదంటే నువ్వు ఏడిస్తే చూడలేనని. కాలేజీ లేదు, ఏమీ లేదు. బస్టాప్‌లో కూర్చున్నాను.

ఇరవై ఏళ్ళు నువ్వు నాతో ముభావంగా ఉంటే, మెల్‌బోర్న్ వచ్చేశానని కోపమనుకున్నాను. నువ్వేమో నా మీద నేరం మోపి, దాన్ని మనసులో పెట్టుకుని, నా ఇంట్లో నా చేతి అన్నం తిన్నావు.

నీలిమ

*

పార్రాస్,
28 ఫిబ్రవరి

నీలిమా,

నాతో మీ అమ్మ శారదాంబ చెప్పింది వేరు. "పిల్ల పెద్ద సదువు సదువుతుంది. దోస్తులు ఇంటికొస్తమంటే వద్దంటుంది. తోటోళ్ళ పిల్లనని చెప్పుకోనీకి సిగ్గువడుతుంది. ఎందుకింక మనకు" అంది. నిన్ను అడగొద్దని నా చేత ఒట్టు వేయించుకుంది. నా పిల్లకు నేను సిగ్గయ్యానని అమ్మకం కాగితాల మీద సంతకం పెట్టాను.

నీ ఉత్తరం వచ్చాక మూడు రోజులు కత్తెర పట్టలేదు. మనిద్దరికీ రెండు మాటలు చెప్పిందంటే ఆ తోట వద్దనుకున్నది ఆవిడే. తెగులు మందుకు మైలుతుత్తం కలిపి కలిపి ఆవిడ చేతులు మణికట్టు దాకా పగిలి నెత్తురొచ్చేవి. కొబ్బరినూనె రాసుకుని కొంగు కింద దాచుకునేది. "నాకు చాతకాదు" అని ఒక్కసారి అంటే నేను వినేవాణ్ణి. కాదు, వినేవాణ్ణి కాను. అది ఆవిడకు తెలుసు. ఆ రోజుల్లో నేను తోట తప్ప ఇంకేదీ వినేవాణ్ణి కాదు. అందుకే నీ పేరు వాడుకుంది.

చచ్చిపోయిన మనిషి మీద కోపం ఎలా తీర్చుకోవాలో నాకు తెలియదు. నిన్ను ఇరవై ఏళ్ళు తప్పు పట్టినందుకు క్షమాపణ అడగాలని కూర్చుంటే, నువ్వు మాత్రం ఒక్కసారైనా నోరు విప్పి అడిగావా అనే కోపం ముందొస్తోంది. కనుక ఇప్పుడు అడగను. అబద్ధపు క్షమాపణ నీకూ వద్దు.

జనార్దనరావు

*

మాంటెర్రే విమానాశ్రయం,
11 మార్చి

నాన్నా,

విమానానికి ఇంకా నాలుగు గంటలుంది. ఇక్కడ కూర్చుని రాస్తున్నాను. నీతో మాట్లాడితే ఏమవుతుందో మొన్న చూశాం.

నేను నీకు చెప్పకుండా బయల్దేరినందుకు నువ్వు మొట్టమొదట అన్న మాట, "దొంగ లెక్క వచ్చినవ్." నవ్వాలో ఏడవాలో తెలియలేదు. లేబర్ డే లాంగ్ వీకెండ్‌కి నాలుగు రోజులు సెలవు కలుపుకుని, ముప్ఫై గంటలు ప్రయాణం చేసి వచ్చాను. ఒఫేలియా ఇంటి బల్ల మీద కాఫీలు చల్లారిపోతుంటే మనిద్దరం తెలుగులో అరుచుకున్నాం. "నేనేమన్న నీ ఇంటి గోడనా, ఏడ ఉన్ననో సూడకుండ అట్లనే ఉంటననుకోనీకి?" అన్నావు. "నువ్వొక్కడివే తోట పోగొట్టుకున్నవా? నా చిన్నతనం కూడ ఆ తోటలనే ఉండె" అన్నాను. ఇంకా పాడు మాటలన్నాను. అమ్మను నువ్వే చంపావన్నాను. అది నేను నమ్మను. అన్నాను, అంతే.

నువ్వు లేచి వెళ్ళిపోయాక ఒఫేలియా నా ఎదురుగా కూర్చుంది. ఓదారుస్తుందనుకున్నాను. "మూడేళ్ళు నీ గేటు ముందు నుంచి నడిచాను. నువ్వు కారు అద్దంలోంచి చెయ్యి ఊపేదానివి. ఒక్కసారి నా పేరు అడగలేదు" అంది, తన ఇంగ్లీషులో. ఆవిడ కాఫీ మళ్ళీ వేడి చేసి పెట్టింది, ప్రేమగా ఏం కాదు. తాగాను. ఆవిడంటే నాకు ఇప్పటికీ ఇష్టం లేదు. బహుశా ఆవిడకి నేనన్నా అంతే.

నీకు చెప్పనిది ఒకటుంది. ఆదివారం పొద్దున మనం పోట్లాడుకున్నాం. కానీ నేను ఊళ్ళో దిగింది శనివారం మధ్యాహ్నం. హోటల్లో బ్యాగు పడేసి, దారి అడుక్కుంటూ తోట దగ్గరకొచ్చాను. మట్టి గోడ నా భుజం దాకా ఉంది. నువ్వు మూడో వరసలో మోకాళ్ళ మీద కూర్చుని ఉన్నావు. చుట్టూ ఆరేడుగురు నిలబడి ఉన్నారు, టోపీలు పెట్టుకున్న పెద్ద పెద్ద రైతులు. నువ్వొక తీగ పట్టుకుని, కత్తెర మొనతో కన్ను చూపించి, తెలుగు, ఇంగ్లీషు, వాళ్ళ భాష అన్నీ కలిపి ఏదో చెబుతున్నావు. ఒక మనిషి తప్పుగా కోయబోతే వాడి చేతి మీద ఒక్కటి వేశావు. వాడు నవ్వి, ఇంకో చోట కోశాడు. నీ గొంతు అంత గట్టిగా ఉంటుందని నేను మరిచిపోయాను. పాయింట్ కుక్‌లో నువ్వు గుసగుసగా మాట్లాడతావు, ఎవరో నిద్రపోతున్నట్టు.

వాళ్ళంతా వెళ్ళిపోయారు. నువ్వొక్కడివే ఇంకో తీగ దగ్గర కూర్చున్నావు. నేను నలభై నిమిషాలు అక్కడే ఉండి, పిలవకుండా హోటల్‌కి వెళ్ళిపోయాను.

నా బ్యాగులో విజిటర్ వీసా కాగితాలున్నాయి. అన్నీ నింపి, నీ సంతకం పెట్టే చోట పసుపు స్టిక్కర్లు అంటించి తెచ్చాను. జూలైలో నువ్వు నేరుగా మెల్‌బోర్న్ వచ్చేలా. అవి నీ ముందు పెట్టి, సంతకం చేసేదాకా కదలకూడదని వచ్చాను. బయటికి తియ్యలేదు. ఎందుకని అడగకు. పోట్లాట మధ్యలో రెండుసార్లు బ్యాగు జిప్పు మీద చెయ్యి వేశాను.

నీ మీద కోపం పోలేదు. సాయిప్రియ సీటు తడిసిన రోజు నేను మరిచిపోను. దాన్ని నీ లెక్కలోంచి సగం తీసి నా లెక్కలో వేసుకున్నాను, అంతవరకే.

నీలిమ

*

పార్రాస్,
16 మార్చి

బిడ్డా,

కాగితాలు పంపు. నువ్వు నింపినవి కాదు, ఖాళీవి. నేనే నింపుకుంటాను. ఎన్నాళ్ళుంటావు అని అడిగే చోట మూడు వారాలని రాస్తాను. చుట్టంగా వస్తాను. చుట్టానికి ఎక్కడ పక్క వేస్తారో అక్కడ పడుకుంటాను. దీక్షిత్‌ను ఖాళీ చేయించొద్దు. మూడున్నరకు సాయిప్రియను తెస్తాను. నువ్వు చెబితే కాదు. నాకు తేవాలనుంటుంది కాబట్టి. లంచ్ బాక్సులు కట్టను. ఇది ఇప్పుడే చెబుతున్నాను. హెడ్‌సెట్ తీసి చదువుకో.

మీ అమ్మ గురించి నువ్వన్న మాటను నేను మనసులోంచి తియ్యలేదు. నువ్వు నమ్మనని రాశావు కాబట్టి అక్కడ ఉంచాను, పెంచను. నేను అన్నవీ నీ దగ్గర ఉంటాయి. ఉండనీ.

శనివారం సంగతి. నువ్వు చెప్పావు కాబట్టి నేనూ చెబుతాను.

గోడ దగ్గర నిలబడ్డది నువ్వేనని నాకు తెలుసు. రైతులు వెళ్ళేటప్పుడు వాళ్ళకు చెయ్యి ఊపుదామని తలెత్తితే కనిపించావు. నీలం స్వెటర్, ఎండకు కళ్ళ మీద చెయ్యి అడ్డం పెట్టుకుని. ఇంత దూరం వచ్చిందంటే తిట్టడానికే వచ్చిందనుకున్నాను. పిలవాలని నోరు తెరిచాను, 'నీలిమా' అనాలో 'బిడ్డా' అనాలో తేలలేదు. అందుకని తల వంచుకుని పక్క తీగ దగ్గర కూర్చున్నాను. నువ్వే పిలుస్తావని చూశాను. నువ్వు పిలవలేదు. చేతులు ఊరుకోవు కదా, కోస్తూ పోయాను. కన్ను ఎక్కడుందో చూడలేదు, ఏది ఎండిందో ఏది పచ్చిదో గీరి చూడలేదు. నువ్వు వెళ్ళిపోయిన అడుగుల చప్పుడు విన్నాక చేతి కింది తీగను చూసుకున్నాను. మోడు తప్ప ఏమీ మిగల్లేదు.

తోటంతా చిగుళ్ళు వస్తున్నాయి. నిన్న రమీరో వచ్చి ఆ ఒక్క తీగ దగ్గర నిలబడి, ఇదేమిటి దోన్ హనార్ అన్నాడు. ముసలితనం అని చెప్పాను.

ఆ తీగకు ఈ ఏడు కాయ ఉండదు.

నాన్న